రంగు కింది ఇనుము

మళ్ళీ అదే వాసన, కుళ్ళిన కోడిగుడ్డు వాసన, ముందు సీటు కింది నుంచి సన్నగా మొదలై వెనక సీటు దాకా వచ్చేసింది, కాదు, ఇది బయటిదే, దారి పక్కన ఏ కోళ్ళ ఫారమో ఉండి ఉంటుంది, అని రాధాబాయి తనకు తాను చెప్పుకుంది, చెప్పుకుంటూనే కాళ్ళ దగ్గరి బట్టల సంచీని లాక్కుని రెండు పాదాలూ దాని మీద ఇంకాస్త పైకి జరుపుకుంది, కారు అడుగుకు తన పాదం తగలకూడదు, హుస్నాబాద్‌లో ఎక్కినప్పటి నుంచీ ఇట్లాగే కూర్చుంది, మోకాళ్ళు లాగుతున్నాయి, నడుము పట్టేసింది, అయినా దించలేదు, వేములవాడ పోయిన నాడు పాదాలు కింద పెట్టుకుని కూర్చుంటే కారు కరీంనగర్ కూడా దాటలేదు, కూతురు దేవకిని పురిటికి తీసుకురావడానికి బయలుదేరిన నాడు ఎందుకో పైన పెట్టుకుంది, ఆ నాడు మల్యాల దాకా పోయింది, అంటే ఉన్నదంతా పాదంలోనే ఉంది, ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారు, లేదు, నవ్వితే బాగుండును, నవ్వరు, నమ్ముతారు, ముందు సీట్లో కూర్చున్న తోడికోడలు జానకీబాయి అందరికంటే ముందు నమ్ముతుంది, చూడు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది కూడా, అంటే వాసన బయటిది కాదు, మరిది కరుణాకర్‌రావు మాత్రం స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి వేలితో చిన్న మీటరు అద్దం మీద కొడుతున్నాడు, సూది చూడు ఎట్ల నిలవడ్డదో, ప్లస్ దిక్కు, కదుల్తనే లేదు, చార్జింగ్ మస్తుగున్నది, గీసారి ఫికర్ లేదు వదినే, బ్యాటరి కొత్తది, అంటున్నాడు, ప్లస్ అంటే మంచిదే కదా, ఎక్కువ ఉంటే మంచిదే కదా, ఆయన బతికున్నప్పుడు ఈ సూది గురించే ఏదో అనేవాడు, నడుమ అనేవాడు, ఏం నడుమ, ఎప్పుడు నడుమ, గుర్తుకు వస్తున్నట్టే వచ్చి జారిపోయింది, అదుగో కొండగట్టు అంజన్న గుట్ట అక్కా, దండం పెట్టుకో, అంది జానకి, పెట్టుకో అన్నదే గాని వెనక్కి తిరిగి చూడలేదు.

మనవణ్ణి ఇంకా చూడలేదు తను, పుట్టి ఇరవై ఒక్క రోజులు, ఇవాళ తొట్టెలలో వేస్తారు, దేవకి కబురు పంపింది, అవ్వ రావాలె, అవ్వ రానిది నేను తొట్లెల ఎయ్య, అని, తొలి కాన్పు పుట్టింట్లో కావాలి, ఏ ఆడపిల్లకైనా అంతే, తన బిడ్డకు కాలేదు, ఆ నాడు కారు మల్యాల దగ్గర ఆగిపోయి, బ్యాటరీ పొంగి, బానెట్ ఎత్తితే తెల్లటి పొగ, చీకటిపడ్డాక ఎవరి లారీలోనో ఇంటికి చేరితే, ఆ సంగతి తెలిసి ఖానాపూర్ నుంచి వియ్యపురాలు చెప్పి పంపింది, బయలెల్లంగనే గట్లయ్యిందంటె అది మంచి సూచన గాదు, పిల్లను పంపం, ఈడ్నే కానియ్యండ్రి, కరుణాకర్ ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదు, నిజమే గదా వదినే, మనమెందుకు జబర్‌దస్తి చెయ్యాలె, అన్నాడు, నిజమే గదా, ఏది నిజం, బ్యాటరీ పొంగడం నిజమా, నేను ఎక్కడం నిజమా, కారులో ముగ్గురం కూర్చున్నాం, లెక్కలోకి వచ్చింది నేనొక్కదాన్నే, హుస్నాబాద్‌లో ఆ కారే రోజూ తిరుగుతుంది, మిల్లు దాకా, బజారు దాకా, తాలూకా ఆఫీసు దాకా, ఏమీ కాదు, రాధాబాయి ఎక్కితేనే ఉడుకుతుంది, మిల్లు ముందర కూర్చున్న వాళ్ళు కూడా అనడం నేర్చుకున్నారు, ఓ కరుణాకర్‌రావు, మీ వదినెను ఎక్కించుకుంటె ఇగ పొయ్యి అక్కర్లేదు పో, బ్యాటరి మీదనే అన్నం ఉడుకుతది, అని, అని నవ్వితే మరిదీ నవ్వాడట, ఆ నవ్వును జానకే వచ్చి చెప్పింది, చెప్పి, నువ్వు మనసుల వెట్టుకోకు అక్కా, అంది, మనసులో పెట్టడానికే కదా చెప్పింది.

జగిత్యాల దాటగానే చాయ్ తాగుదామని ఆపాడు, ఎందుకు ఆపావు నాయనా, ఆపకుండా పోతే గోదావరి దాటేవాళ్ళం, అనుకుంది రాధాబాయి, చాయ్ హోటల్ కిష్టవ్వ గిలాసలు కడుగుతూ కారు దిక్కు చూసి, ఏందయ్యో మీ బండి ముంగట నుంచి నీళ్ళు కారుతున్నయ్, ఉచ్చ పోస్తున్నదా ఏంది, అంది, నలుగురూ నవ్వారు, కరుణాకర్ నవ్వలేదు, తాళం తిప్పాడు, టక్కుమన్నది, మళ్ళీ తిప్పాడు, టక్ అని కూడా అనలేదు, హారన్ నొక్కితే గొంతు పట్టిన మేకలా అరిచింది, రాధాబాయి తన పాదాల వైపు చూసుకుంది, సంచీ మీది నుంచి ఎడమ పాదం జారిందా, గుంతలో కారు ఎగిరినప్పుడు జారిందేమో, ఒక్క క్షణం తగిలిందేమో, వదినే జర దిగు, తోయాలె, అన్నాడు, దిగింది, దిగి ఎక్కడ నిలబడాలో తెలియక రెండడుగులు వేసిందో లేదో, అక్కా ముంగట నిలవడకు, ఎనుకకు పో, అన్న జానకి గొంతు, వెనక్కి పోయి డిక్కీ పక్కన నిలబడింది, ఎండ నెత్తిన కొడుతోంది, కిష్టవ్వ పిలుస్తోంది, ఏందమ్మా ఎండల నిలవడ్డవ్, గిటు నీడకు రా, నా కాడ ముంగట ఎనుక ఏం లేదు, అందరు ఒక్క బల్ల మీదనే కూసుంటరు, అని, రాధాబాయి నవ్వబోయి ఆపుకుంది, పోలేదు, బల్ల కారుకు ముందు వైపు ఉంది.

పక్కనే షెడ్డు నుంచి ముష్తాక్ అనే మెకానిక్ వచ్చాడు, నోట్లో పాన్, చేతిలో తీగల మీటరు, బానెట్ ఎత్తగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు, యా అల్లా, గిది బ్యాటరీయా, దాల్చా గిన్నెనా సాబ్, గింత ఉడుకుడా, అన్నాడు, మూతలు తీసి చూస్తే నీళ్ళు అడుగంటాయట, డబ్బా పక్కలు ఉబ్బాయట, రాధాబాయికి ఏమీ కనిపించదు, మాటలు మాత్రం వినిపిస్తాయి, బానెట్ తెల్లటి రెక్కలా లేచి అడ్డంగా ఉంది, ఎండకాలమే కొన్న కొత్త బ్యాటరి, అంతకుముందుది గూడ గింతనే అయ్యింది, నీళ్ళు పోసుడు, పొంగుడు, బల్బులైతె లెక్కలేదు, ఏసిన మర్నాడే పేలుతున్నయ్, అని మరిది అంటున్నాడు, బ్యాటరి ఖరాబ్ గాదు సాబ్, బ్యాటరిని ఖరాబ్ చేస్తున్నరు, అని ముష్తాక్ తన షెడ్డులోంచి ఇంకో బ్యాటరీ తెచ్చి బిగించాడు, ఇంజన్ అందుకుంది, మీటరు తీగలు తగిలించాడు, పద్నాలుగు వోల్టులు దాటొద్దు గీడ, చూడుండ్రి, రేజ్ చెయ్యుండ్రి, పదిహేను, పదహారు, ఇంక ఎక్కుతనే ఉన్నది, డైనమో ఆగకుండ తినవెడుతున్నది, బ్యాటరికి అజీర్తి జేసింది, అన్నాడు, మరి సూది ప్లస్ దిక్కే ఉన్నది గదా, మంచిగున్నది అనుకున్న, అన్నాడు కరుణాకర్, అప్పుడు, ఆ ఒక్క మాటకు, జారిపోయింది తిరిగి వచ్చింది, ఆయన గొంతుతో సహా వచ్చింది, రాధా, బండి షురూ అయినంక సూది జరసేపు ప్లస్ దిక్కు పోతది, కడుపు నిండినంక నడుమకు రావాలె, రాకుంటే అనుమానపడాలె, అవును, నడుమ అంటే అదే, వాకిట్లో కారు నిలిపి, పాత డైనమో తీసేసి ఎక్కడిదో ఆల్టర్నేటర్ తెచ్చి, దాన్నీ డైనమో అనే అంటూ, బిగించుకున్న నాడు అన్న మాట, వెంకటేశ్వర్‌రావుకు పొలం కంటే ఆ కారంటే ప్రాణం, ముదురాకుపచ్చ కారు, చేతులకు గ్రీజు, బనీనుకు గ్రీజు, నేను బ్యాటరీ లైటు పట్టుకుని నిలబడితే, ఇటు, జర ఇటు, నా మొఖం మీద గాదు రాధా, ఇంజన్ మీద, నా మొఖం రోజు చూస్తనే ఉన్నవ్ గదా, అనేవాడు.

ఆయన పోయాక ఆ కారును ఎవరూ ముట్టలేదు కొన్నాళ్ళు, తర్వాత కరుణాకరే అన్నాడు, పోయినోని బండి గట్లనే ఎక్కొద్దు, రంగు మార్పియ్యాలె, అరిష్టం పోతది, కరీంనగర్ తీసుకుపోయి తెల్ల రంగు వేయించాడు, లోపలా బయటా, ఎక్కడా పాత ఆకుపచ్చ కనిపించొద్దని మరీ మరీ చెప్పాడట, తన గాజులు, తన బొట్టు, తన పచ్చ చీర, తన ఎర్ర చీర, ఒంటి మీది రంగులన్నీ తీసేసిన కొన్నాళ్ళకే కారుకు కొత్త రంగు వచ్చింది, జానకి హారతి ఇచ్చింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, బానెట్ మీద కుంకుమతో స్వస్తికం వేశారు, తను కిటికీ చువ్వల సందులోంచి చూసింది, వాకిట్లోకి రాలేదు, రావద్దని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఏముంది, నాకు తీసేసింది దానికి పూశారు అనుకుంది ఆ నాడు, అనుకుని సిగ్గుపడింది, ఇనుప ముక్కతో పోటీ ఏమిటని, అక్కడ ముష్తాక్ అంటున్నాడు, కటౌట్ పోయినట్టున్నది సాబ్, డైనమోకు ఎప్పుడు ఇయ్యాలె ఎప్పుడు బంద్ చెయ్యాలె చెప్పేది గదే, కొత్తది ఏస్త, అయిపాయె, కొత్త కటౌట్ వేశాడు, ఇంజన్ మళ్ళీ గుర్రుమంది, పద్నాలుగు, పదిహేను, పదహారు, ముష్తాక్ పాన్ ఉమ్మేశాడు, అజీబ్ ఉన్నది, కొత్త కటౌట్ గూడ గట్లనే అంటున్నదేంది, అయితె డైనమో లోపలనే ఖరాబ్, విప్పాలె, పొద్దుగూకుతది, అన్నాడు, పొద్దుగూకితే తొట్టెల అయిపోతుంది.

నాకు ముందుగాలే తెలుసు, ఖరాబ్ బండిల లేదు, అని జానకి, మెల్లగానే అంది, కాని వినపడేటంత మెల్లగా అంది, తర్వాత డిక్కీ దగ్గరికి వచ్చింది, చెయ్యి పట్టుకుంది, ప్రేమగానే పట్టుకుంది, అదే భరించలేనిది, అక్కా, ఒక మాట చెప్త, తప్పుగ అనుకోకు, కరీంనగర్ బస్సు ఇప్పుడొస్తదట, నువ్వు ఇంటికి మర్రిపో, బండి ఎట్లనో అట్ల నడుస్తది తియ్యి, మేం పోయి పిలగాన్ని తొట్లెల ఏసొస్తం, దేవకికి నేను చెప్త, నువ్వు రాలేదని ఏమనుకోదు, ఏమనుకోదు, తల్లి చేతుల మీద పురుడు దక్కని ఆ బిడ్డ ఏమనుకుంటుందో ఈమెకు తెలుసట, సంచీలో పచ్చి శనగపప్పు రంగు పట్టు లాగు, టోపీ ఉన్నాయి, తనే కుట్టింది, ఇవి కూడా ఇచ్చేస్తే సరిపోతుంది, ఇచ్చేసి బస్సెక్కితే అందరికీ నెమ్మది, కారు కూడా నెమ్మదిగా పోతుంది, నిజంగానే పోతుందేమో, నేను దిగిపోతే సూది దిగుతుందేమో, అట్లా అనిపించగానే రాధాబాయికి ఒళ్ళు మండింది, జానకి మీద కాదు, సూది మీద, ముష్తాక్ మీటరులో ఆ సూదిని ఒక్కసారి చూడాలనిపించింది, నేను పక్కకు వస్తే ఎక్కుతుందా, దూరం పోతే దిగుతుందా, కళ్ళారా చూసి పోతే పోతాను, చెయ్యి విడిపించుకుని నడిచింది, కారు పక్క నుంచి, తలుపు దాటి, అద్దం దాటి, అక్కా ముంగటికి పోకు అంటున్నా వినకుండా ముందుకు వచ్చి బానెట్ కింద తల పెట్టింది, ఆయన పోయాక ఇదే మొదటిసారి.

లోపలంతా తెలుపు, పెండ్లి పందిట్లో సున్నం కొట్టినట్టు, ఆకుపచ్చ ఎక్కడా లేదు, కటౌట్ తెల్లటి గోడ మీద బిగించి నున్నగా కూర్చుంది, ఇక్కడ ఏదో ఉండాలి, ఏదో లేదు, ఏమిటది, నల్ల తీగ, అవును నల్ల తీగ, ఆయన కటౌట్ బిగించే ముందు, రాధా కత్తి తే, ఏం కత్తి, ఉల్లిగడ్డలు కోసేది తే, వద్దంటే వినకుండా ఆ కత్తితో గోడ మీది రంగు గీకాడు, ఆకుపచ్చ పొట్టు రాలింది, కింద ఇనుము తళతళ మెరిసే దాకా గీకాడు, కత్తి మొన విరిగింది, ఎందుకండీ బంగారంలాంటి రంగు గీకుతారు అంటే, ఇనుముకు ఇనుము తాకాలె రాధా, నడుమ రంగు రావద్దు, వస్తె ఇది గుడ్డిదైతది, బ్యాటరి నిండిందో లేదో దీనికి కనవడదు, అని, అయినా నమ్మకం లేక కటౌట్ కాళ్ళ నుంచి ఇంజన్ దాకా నల్ల తీగ కూడా వేశాడు, ఆ మొండి కత్తితో ఇవాళ పొద్దున కూడా ఉల్లిగడ్డలు కోసింది తను, ముష్తాక్, అంది, గొంతు ఎవరిదో అనిపించింది, దీని కింద రంగు గీకాలె, ఈడ నుంచి ఇంజన్‌కు నల్ల తీగ ఉండె, రంగు ఏసినోళ్ళు తీసి పారేసినట్టున్నరు, ముష్తాక్ ఆమె దిక్కు చూసి, అరె, మేస్త్రి నేనా, మీరా అమ్మా, అని పకపక నవ్వాడు, వదినే నీకేం ఎరుక, నువ్వు జరుగు, అన్నాడు కరుణాకర్, ఆమె జరగలేదు, ముష్తాక్ నవ్వుతూనే ఒక తీగ ముక్క తీసి ఒక కొసను కటౌట్ ఇనుముకు, రెండో కొసను బ్యాటరీ మైనస్‌కు ఆనించాడు, నవ్వు ఆగిపోయింది, మీటరు పదహారు నుంచి జారింది, జారి జారి పద్నాలుగు దగ్గర నిలబడింది, తీగ తీశాడు, ఎక్కింది, ఆనించాడు, దిగింది, మళ్ళీ తీశాడు, మళ్ళీ ఆనించాడు, ఆడుకుంటున్నట్టు, రాధాబాయి రెప్ప వేయలేదు, ఎక్కడం దిగడం తీగతోనే ఉంది, తను అక్కడే ఉంది, కదలకుండా, కారుకు ఎదురుగా.

వారెవ్వా, అర్తు లేదు సాబ్ దీనికి, ఇనుముకు అంటనే లేదు, నా కొత్త కటౌట్‌ను గూడ రంగు మీదనే కూసోవెట్టిన నేను, నా బుద్ధి గడ్డి తిన్నది, అది పాపం గుడ్డిదాని లెక్క ఇంక ఇయ్యి, ఇంక ఇయ్యి అంటనే ఉన్నది, ఊళ్ళె తిరిగితె జరంత సేపట్ల ఏం తెల్వది, దూరం పోతెనే ఉడుకుతది, అన్నాడు ముష్తాక్, రంగు గీకుతూనే అన్నాడు, దూరం పోతేనే, ఈ మాట జానకి విన్నదా, విన్నది, కరుణాకర్ విన్నాడా, విన్నాడు, దూరం పోయేటప్పుడే కదా నన్ను ఎక్కించుకున్నారు, దగ్గరికి ఎక్కడికి పోవాలి నేను, మిల్లుకా, బజారుకా, ఇప్పుడు అంటారు, ఇప్పుడే అంటారు, రాధాబాయి ఎదురుచూసింది, తప్పయ్యింది అనక్కర్లేదు, అయ్యో వదినే అంటే చాలు, తెల్ల పొట్టు రాలింది, అంచుల్లో దాని కింద ఆకుపచ్చ పొట్టు, నడుమ ఆయన గీకిన చోట తెలుపు కింద నేరుగా ఇనుము, తీగ బిగించాడు, మీ బ్యాటరి ఈడ ఉంచుండ్రి, మర్రచ్చేటప్పుడు తీస్కపోండ్రి, అన్నాడు, కరుణాకర్ చేతులు తుడుచుకుంటూ, ఎంతైనా అన్న పుణ్యాత్ముడు, పోయి గూడ దారి చూపిండు, అన్నాడు, నేను గిప్పుడే అంజన్నకు మొక్కిన, సూసినవా మొక్కంగనే ఎట్లయ్యిందో, అంది జానకి, అంతే, పోయినవాడికి కొంత, దేవుడికి కొంత, పంపకం అయిపోయింది, ఎక్కు వదినే, ఆలస్యమైతున్నది, చాయ్ దగ్గరి కిష్టవ్వ మాత్రం గిలాస చేతికిచ్చి, ముంగట నిలవడితెనే గదా బాగైంది మీ బండి, తాగి పో, అంది, అది జానకి వినలేదు, విననట్టు ఉంది.

గోదావరి వంతెన మీద గాలి చల్లగా కొట్టింది, వాసన లేదు, సూది ప్లస్ దిక్కు పోయి, వచ్చి, నడుమ నిలబడింది, కడుపు నిండినట్టు, ఆ సూదిని చూస్తే సంతోషం రావాలి, రాలేదు, రంగు వేయించింది అరిష్టం పోవాలని, ఆ రంగే బ్యాటరీని ఉడికించింది, ఉడికినందుకు అరిష్టం నేనయ్యాను, నా బిడ్డ పురుడు పోయింది, ఇది ఎవరికి చెప్పాలి, ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ తిట్టలేదు, చెయ్యి పట్టుకుని ప్రేమగా బస్సెక్కమన్నారు, ఖానాపూర్ ఇండ్లు కనిపిస్తున్నాయి, జానకి మొదటిసారి వెనక్కి తిరిగింది, అక్కా, బండి బాగైంది, మంచిదే, గని తొట్లె పని గదా, గా మూల మీద నువ్వు దిగి జర ఆగి ఎనుక నుంచి రా, మేం ముందుగ పోతం, వియ్యపురాలు చూస్తె బాగుండదు, అంది, ఓహో, అంటే బ్యాటరీ ఒక సాకు, అది కాకుంటే టైరు, టైరు కాకుంటే వాన, ఇనుముకు ఇనుము తాకినా వీళ్ళ నడుమ రంగు పోదు, గీకడానికి ఏ కత్తి సరిపోదు, అనుకుంటూ రాధాబాయి, సరే అనడానికి, అలవాటుగా సరే అనడానికి, నోరు తెరిచి కిందికి చూసుకుంది, సంచీ మీద తన రెండు పాదాలు ఇంకా అట్లాగే ఉన్నాయి, ముడుచుకుని, తిమ్మిరెక్కి, జగిత్యాలలో తిరిగి ఎక్కినప్పుడు మళ్ళీ పెట్టుకుంది, కళ్ళారా చూసి కూడా, నల్ల తీగ సంగతి తనే చెప్పి కూడా పెట్టుకుంది, దిగమన్నది వాళ్ళు, వెనక నిలబడమన్నది వాళ్ళు, కిటికీ దగ్గరే ఉండమని చెప్పకుండానే చెప్పింది వాళ్ళు, మరి ఇది, మూల వస్తోంది, కారు నెమ్మదించింది, ఆమె సంచీని పక్కకు తోసి రెండు పాదాలూ కారు అడుగు మీద ఆనించింది, ఇనుము వేడి అరికాళ్ళకు తగిలింది, ఇంజన్ అదురు మోకాళ్ళ దాకా వచ్చింది, ఏమీ కాలేదు, కరుణాకర్, ఆపకు, వాకిట్ల దాక పోనియ్యి, నా బిడ్డ ఇల్లు, నేను ముంగట దిగుత, అంది, కారు కాసేపు ఆగినట్టే ఆగి మళ్ళీ కదిలింది, జానకి ఏదో అంటోంది, రాధాబాయి వినడం లేదు, పాదాలు పైకి ఎత్తుకొమ్మని తనకు ఎవరూ చెప్పలేదు.